వార్సా తిరుగుబాటు గుర్తులు: గోడ మీది లంగరుకు దొరికిన చోటు రాతికి 45 ఏళ్లు ఎందుకు దొరకలేదు?

క్లుప్తంగా: 1944 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాజీ ఆక్రమణ మీద వార్సా నగరం 63 రోజులు పోరాడి ఓడిపోయింది. ఆ పోరాటానికి నగరం నడిబొడ్డున పెద్ద స్మారకం లేచింది 1989లో. ఆ నడిమి 45 ఏళ్లూ జ్ఞాపకాన్ని మోసినవి గోడ మీద గీసిన లంగరు బొమ్మ, సమాధుల దగ్గర వెలిగించిన దీపాలు, వీధి మలుపుల్లోని రాతి ఫలకాలు. ఎవరిని బహిరంగంగా తలచుకోవచ్చో ఏ కాలంలో ఎవరు నిర్ణయించారన్నది ఈ గుర్తుల రూపంలోనే కనిపిస్తుంది. చనిపోయినవారిలో అత్యధికులు సామాన్య పౌరులు. వారికి చోటు అందరికన్నా ఆలస్యంగా దక్కింది.

సాయంత్రం ఐదు గంటల సైరన్

ఏటా ఆగస్టు 1న సాయంత్రం సరిగ్గా 5 గంటలకు వార్సా అంతటా సైరన్లు మోగుతాయి. ట్రాములు పట్టాల మీదే ఆగిపోతాయి. కార్లలోంచి జనం దిగి నిలబడతారు. సంచీ పట్టుకుని రోడ్డు దాటుతున్న మనిషి దాటుతున్న చోటే ఆగుతాడు. ఒక్క నిమిషం. తర్వాత అందరూ మళ్లీ కదులుతారు. చదువుకో ఉద్యోగానికో కొత్తగా అక్కడికి చేరిన తెలుగువాళ్లు ఎవరైనా ఆ సైరన్ వింటే యుద్ధం వచ్చిందేమోనని కంగారుపడటం సహజమే. ఉక్రెయిన్ సరిహద్దు దేశం కాబట్టి ఆ భయం మరీ అర్థం లేనిది కాదు.

ఆ వేళకు ఒక పేరుంది. తిరుగుబాటుకు హోం ఆర్మీ అనే రహస్య సైన్యం పెట్టుకున్న ముహూర్తం అది. డబ్ల్యు అక్షరంతో దానిని పిలుచుకున్నారు. పోలిష్‌లో పోరాటం, స్వేచ్ఛ, పేలుడు అనే మూడు మాటలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. వార్సాలో తిరుగుబాట్లు రెండు జరిగాయి. 1943 ఏప్రిల్ 19న మొదలైనది యూదుల గెట్టో తిరుగుబాటు. గోడలు కట్టి బంధించిన యూదులు, తమను చంపే శిబిరాలకు తరలించబోతున్నారని తెలిసి చేతికందిన ఆయుధాలతో ఎదురుతిరిగారు. మే 16 నాటికి దాన్ని అణిచేశారు. 1944 ఆగస్టు 1న మొదలైనది మొత్తం నగరం లేచిన తిరుగుబాటు. మొదటిదానికి గుర్తు పసుపు రంగు డాఫొడిల్ పువ్వు, రెండోదానికి లంగరు. జర్మన్ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ 1970 డిసెంబరు 7న మోకరిల్లింది గెట్టో వీరుల స్మారకం ముందు. ఆ ఫొటోను 1944 తిరుగుబాటు వార్తకు జతచేయడం ఇప్పటికీ తరచూ జరిగే పొరపాటు. రెండు పోరాటాల్లోనూ పాల్గొన్నవారు కూడా ఉన్నారు. గెట్టో పోరాట నాయకుల్లో ఒకరైన మారెక్ ఎడెల్మన్ 1944లోనూ తుపాకి పట్టారు.

భారత ప్రధాని 2024 ఆగస్టులో వార్సా వెళ్లినప్పుడు మన పత్రికల్లో కనిపించిన జాం సాహెబ్ స్మారకం పూర్తిగా వేరే కథ. యుద్ధకాలంలో పోలిష్ పిల్లలకు ఆశ్రయమిచ్చిన నవానగర్ రాజుకు ఆ నగరం చెప్పుకున్న కృతజ్ఞత అది.

అరవై మూడు రోజులు

1944 జులై చివరికి సోవియట్ సేనలు వార్సా దాపులకు వచ్చేశాయి. అవి నగరంలో అడుగుపెట్టేలోపు రాజధానిని తామే విడిపించుకోవాలని, అప్పుడే లండన్‌లో ఉన్న పోలిష్ ప్రవాస ప్రభుత్వపు మాటకు విలువ ఉంటుందని హోం ఆర్మీ నాయకత్వం లెక్క వేసింది. కొన్ని రోజుల్లో ముగుస్తుందనుకున్న పోరు రెండు నెలలు సాగింది. విస్తులా నది తూర్పు ఒడ్డున ఉన్న ప్రాగా ప్రాంతాన్ని సెప్టెంబరు మధ్యకల్లా సోవియట్ ఎర్ర సైన్యం పట్టుకుంది. అయినా పడమటి ఒడ్డున కాలిపోతున్న నగరాన్ని కాపాడే పెద్ద దాడి ఏదీ జరగలేదు. సాయం తెచ్చే పాశ్చాత్య విమానాలు తమ స్థావరాల్లో దిగడానికి స్టాలిన్ వారాల తరబడి ఒప్పుకోలేదు.

అక్టోబరు 2న లొంగుబాటు ఒప్పందం కుదిరింది. పోరాడినవారిలో దాదాపు 16 వేల మంది, పౌరుల్లో లక్షన్నర నుంచి 2 లక్షల మంది చనిపోయారన్నది చరిత్రకారులు ఎక్కువగా చెప్పే అంచనా. మిగిలిన జనాన్ని ఊరు ఖాళీ చేయించి, ఇళ్లను వరుసగా తగలబెట్టి, పేల్చివేశారు. 1945 జనవరి 17న సోవియట్, పోలిష్ దళాలు అడుగుపెట్టేసరికి అక్కడ ఉన్నవి శిథిలాలే.

ఈ తిరుగుబాటు అవసరమా, తొందరపాటా అన్న వాదన అప్పుడే మొదలైంది. ఇటలీలో పోలిష్ సేనను నడిపిన జనరల్ అండర్స్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. 80 ఏళ్లు దాటినా ఆ చర్చ తెగలేదు. గెలుపు స్మారకం కట్టడం తేలిక. పోరాడినవారి ధైర్యాన్ని కాదనలేక, జరిగిన నష్టాన్ని మింగలేక ఉన్న నగరం ఎలాంటి రాయి నిలబెట్టాలన్నది అసలు చిక్కు.

లంగరు: చేతిలో సుద్ద ఉంటే చాలు

లంగరు గుర్తు తిరుగుబాటు కంటే పాతది. 1939 డిసెంబరు చివర్లో వార్సా శివారు వావెర్‌లో, ఇద్దరు జర్మన్ సైనికులు హత్యకు గురైనందుకు ప్రతీకారంగా 107 మంది మగవాళ్లను నాజీలు కాల్చి చంపారు. ఆ హత్యలతో వారికి సంబంధం లేదు. ‘వావెర్‌కు బదులు తీర్చుకుంటాం’ అనే మాటలోని రెండు మొదటి అక్షరాలు, పోలిష్‌లో పి, డబ్ల్యు, గోడల మీద కనిపించసాగాయి. 1942లో హోం ఆర్మీ ప్రచార విభాగం రహస్యంగా ఒక పోటీ పెట్టి గుర్తును ఎంపిక చేసింది. గెలిచిన బొమ్మలో అవే అక్షరాలున్నా అర్థం మారింది: ‘పోరాడుతున్న పోలండ్’. పోలిష్‌లో దాన్ని కొత్ఫీత్సా అంటారు, అంటే లంగరు.

ఆ బొమ్మ కట్టుబడి గమనించదగ్గది. పై నుంచి కిందికి ఒక నిలువు గీత. పైన కుడివైపు గుండ్రంగా తిరిగితే పి. అడుగున గీతకు రెండు పక్కలా కొక్కేల్లా పైకి వంగితే డబ్ల్యు. రెండూ కలిస్తే లంగరు. క్రైస్తవ సంప్రదాయంలో లంగరు ఆశకు గుర్తు, కాబట్టి అది ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు. చదువురాని మనిషికీ తెలుస్తుంది, పరుగెత్తబోతున్న కుర్రాడూ రెండు మూడు క్షణాల్లో గీయగలడు. గస్తీ మలుపు తిరిగేలోగా పని పూర్తికావాలి. ఆ ప్రమాదానికి తగ్గట్టే ఆ రూపం కుదిరింది.

దాన్ని గీసింది అన్నా స్మొలెన్‌స్కా అనే స్కౌట్ అమ్మాయి, కళల చరిత్ర విద్యార్థిని. 1943 మార్చిలో ఆష్విట్జ్ శిబిరంలో ఆమె చనిపోయారు. ఈ గుర్తును నగరంలోని ఎత్తైన వైమానికుడి విగ్రహం గద్దె మీద గీసి పేరుపొందిన యాన్ బిత్నార్ అనే స్కౌట్ కూడా అదే నెలలో, నాజీ రహస్య పోలీసులైన గెస్టాపో చిత్రహింసల తర్వాత కన్నుమూశారు. గోడ మీది ఒక్కో గీత వెనక ఎంత వెల ఉందో ఈ రెండు మరణాలు చెబుతాయి.

తిరుగుబాటు రోజుల్లో మరో గుర్తు పుట్టింది, తెలుపు ఎరుపు రంగుల చేతిపట్టీ. పోరాడేవాళ్లలో చాలామందికి యూనిఫాం లేదు. జర్మన్ గిడ్డంగుల నుంచి చేజిక్కించుకున్న చొక్కాలే తొడుక్కున్నారు. మనవాడెవరో పగవాడెవరో తెలియడానికి ఆ పట్టీయే ఆధారం. ఇప్పుడు ఆగస్టు 1న చిన్నపిల్లలు కట్టుకుని తిరిగే పట్టీ అప్పట్లో ప్రాణం కాపాడే అవసరం.

రాతికి అనుమతి కావాలి

గీతకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాతికి స్థలం కావాలి, డబ్బు కావాలి, ప్రభుత్వం సరేననాలి. యుద్ధం తర్వాత పోలండ్‌లో అధికారంలోకి వచ్చిన కమ్యూనిస్టులకు 1944 తిరుగుబాటు గొంతులో ముల్లు. దాన్ని మెచ్చుకుంటే లండన్ ప్రభుత్వాన్ని మెచ్చుకున్నట్టు. దాని ఓటమికి కారణం అడిగితే నది అవతలి ఒడ్డు గురించి మాట్లాడాలి. అందుకే హోం ఆర్మీ సైనికులను జైళ్లలో పెట్టారు, కొందరిని ఉరితీశారు. 1945 నాటి ఒక ప్రచార పోస్టరులో కొత్త సైన్యపు సైనికుడు మహాకాయుడు, హోం ఆర్మీ అతని కాళ్ల దగ్గర ఉమ్మి కార్చుకునే మరుగుజ్జు.

అదే ఏడాది నవంబరులో ప్రాగాలో సోవియట్, పోలిష్ సైనికుల సోదరభావానికి స్మారకం లేచింది. సైనికులు తలలు వంచుకుని నిలబడి ఉండటంతో జనం దాన్ని ‘నిద్రపోతున్న నలుగురు’ అని పిలిచారు. 2011లో మెట్రో పనుల కోసం తీసినవారు దాన్ని మళ్లీ పెట్టలేదు. రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒడ్డున ఆగిన సేనకు స్మారకం 1945లో, అవతలి ఒడ్డున పోరాడిన నగరానికి 1989లో.

అయితే పూర్తిగా నోరు నొక్కేశారనడం కూడా సరికాదు. అనుమతి మూడు సందుల్లోంచి దొరికింది.

మొదటిది శ్మశానం. పొవోంస్కి సైనిక శ్మశానంలో బతికి ఉన్నవాళ్లు తమ దళాల వారీగా సహచరులను తెచ్చి పాతిపెట్టుకున్నారు. 1946 ఆగస్టు 1న అక్కడ ఒక గ్రానైట్ స్తంభం వెలసింది. దాని మీద లాటిన్‌లో ‘గ్లోరియా విక్టిస్’, అంటే ‘ఓడినవారికి కీర్తి’ అని రాసి ఉంటుంది. వీధిలో చెప్పలేని మాట శ్మశానంలో చెప్పగలిగారు. ఏటా అదే రోజు జనం అక్కడికి దీపాలతో వెళ్లడం కమ్యూనిస్టు కాలమంతా ఆగలేదు. నేటికీ సాయంత్రం ఐదింటి ప్రధాన కార్యక్రమం ఆ స్తంభం దగ్గరే జరుగుతుంది.

రెండోది వీధి మలుపు. 1949లో శిల్పి కరోల్ తఖోరెక్ ఒకే నమూనా ఫలకం తయారుచేశారు. బూడిదరంగు ఇసుకరాయి, మధ్యలో మాల్టా సిలువ, పైన ‘మాతృభూమి స్వేచ్ఛ కోసం నేలకొరిగిన పోలిష్ ప్రజల రక్తంతో పునీతమైన చోటు’ అనే వాక్యం, కింద తేదీ, ఎంతమందిని చంపారన్న సంఖ్య. నగరంలో ఇలాంటివి ఇప్పటికీ 150కి పైగా మిగిలి ఉన్నాయి. బస్టాపు పక్కన, బడి గోడకు, అపార్ట్‌మెంట్ల నడుమ తగులుతుంటాయి. హంతకులను ఇవి ‘హిట్లర్ మనుషులు’ అంటాయి. తూర్పు జర్మనీ స్నేహదేశం అయిన రోజుల్లో ‘జర్మన్లు’ అనకుండా ఉండటానికి పనికొచ్చిన మాట అది. ఆ మాటను మార్చాలా, కాలానికి సాక్ష్యంగా ఉంచాలా అన్నది ఇవాళ్టి వాదన. ఎవరు పోరాడారు, ఎవరి ఆజ్ఞ మీద అన్న ప్రశ్నలు ఈ ఫలకాల్లో రావు, చనిపోయినవారే ఉంటారు. అందుకే వాటికి అనుమతి దొరికింది.

మూడోది పేరును పలచన చేయడం. 1964లో ‘వార్సా వీరులు’ అనే పేరుతో కత్తి ఎత్తిన స్త్రీమూర్తి విగ్రహం పెట్టారు, జనం దాన్ని గ్రీకు విజయదేవత పేరుతో నికె అంటారు. 1939 నుంచి 1945 దాకా నగరం కోసం ప్రాణమిచ్చిన అందరికీ అది అంకితం. అందరిలో 1944 కూడా కలిసిపోయింది.

గెట్టో తిరుగుబాటు స్మారకం మాత్రం 1948లోనే వచ్చింది. నాజీలు తమ కట్టడాల కోసం స్వీడన్‌లో కొనిపెట్టిన రాయినే శిల్పి నాథన్ రాపపోర్ట్ దానికి వాడారు. రెండింటి మధ్య తేడా పోరాట విలువలో లేదు. గెట్టో కథ చెబితే సోవియట్ సేన ఎక్కడ ఆగిందన్న ప్రశ్న లేవదు. 1944 కథ చెబితే లేవక మానదు.

పెద్ద హెల్మెట్, చిన్న పిల్లాడు

పాత బస్తీ కోటగోడను ఆనుకుని ఉన్న పొద్‌వాలె వీధిలో ఒక చిన్న కంచు విగ్రహం ఉంది. కళ్ల మీదికి జారుతున్న హెల్మెట్, పాదాలకు సరిపోని పెద్ద బూట్లు, చేతుల్లో తుపాకి. యెజీ యార్నుష్కేవిచ్ దాని నమూనాను 1946లోనే చేశారు. చిన్న ప్రతిమలుగా అది ఏళ్ల తరబడి ఇళ్లలోకి చేరింది. స్కౌట్లు పోగుచేసిన విరాళాలతో 1983 అక్టోబరు 1న వీధిలోకి వచ్చింది. పిల్లల బొమ్మ కాబట్టి రాజకీయం తక్కువ అనిపించి ఉండవచ్చు. పెద్ద స్మారకం కంటే ఆరేళ్ల ముందే దానికి దారి దొరికింది.

పర్యాటకులు అందరికన్నా ఎక్కువగా ఫొటో తీసుకునే ఈ విగ్రహమే అందరికన్నా ఇబ్బందిపెట్టే ప్రశ్న వేస్తుంది. పసివాడి చేతిలో తుపాకిని ఆరాధించవచ్చా? నిజానికి 12 నుంచి 14 ఏళ్ల స్కౌట్లకు అప్పగించిన పని తుపాకి కాల్చడం కాదు. వాళ్లు నడిపింది తపాలా. నగరం ముక్కలైపోయి ఒక పేటవాళ్ల సంగతి మరో పేటకు తెలియని రోజుల్లో, డబ్బాల్లో వేసిన ఉత్తరాలను ఆ పిల్లలు శిథిలాల మధ్య నుంచి, మురుగుకాలువల గుండా చేరవేశారు. ఒక్కో ఉత్తరం 25 మాటలు మించకూడదు, రుసుము లేదు. బతికే ఉన్నాను, అమ్మకు చెప్పండి అన్నంత మేరకే చోటు. కొందరు పిల్లలు పోరులోనూ చనిపోయారు, అది కాదనలేని సంగతి. కానీ చేతిలో తుపాకికి బదులు ఉత్తరాల సంచీ ఉన్న విగ్రహం వాళ్ల పనిని మరింత నిజాయితీగా చూపేది.

1989, ఆ తర్వాత 2004

క్రషీన్‌స్కి కూడలిలోని పెద్ద స్మారకాన్ని శిల్పి విన్‌త్సెంతి కుచ్‌మా, వాస్తుశిల్పి యాత్సెక్ బుదిన్ రూపొందించారు. దాన్ని ఆవిష్కరించింది 1989 ఆగస్టు 1న. జూన్‌లో జరిగిన పాక్షిక స్వేచ్ఛాయుత ఎన్నికల్లో కమ్యూనిస్టులు చిత్తయ్యారు, కమ్యూనిస్టేతర ప్రధాని ఇంకా గద్దె ఎక్కలేదు. అంటే పాత ప్రభుత్వం మొదలుపెట్టిన స్మారకం, అది కూలిపోతున్న వేళ పూర్తయింది.

స్మారకంలో రెండు గుంపులున్నాయి. ఒకటి కూలుతున్న గోడల కింద నుంచి దూసుకొస్తున్న పోరాటగాళ్లు. రెండోది మురుగుకాలువ మూతలోకి దిగుతున్నవారు. ఆ చోటు ఊరికే ఎంచుకున్నది కాదు. పాత బస్తీ చేజారిపోతున్నప్పుడు, సెప్టెంబరు మొదట్లో, 5 వేల మందికి పైగా ఆ పక్కనే ఉన్న రంధ్రంలోంచి భూగర్భ కాలువల్లోకి దిగి నగర మధ్యభాగానికి తప్పించుకున్నారు. గాయపడినవారిని మోస్తూ, దీపం లేకుండా, మాట్లాడకుండా నడిచిన దారి అది. బొమ్మలు మరీ నాటకీయంగా, సోవియట్ శైలిలో ఉన్నాయన్న విమర్శ మొదటి రోజు నుంచీ ఉంది. శిల్పం సంగతి ఎలా ఉన్నా స్థలం ఎంపికకు వంక పెట్టలేం. 1994లో జర్మన్ అధ్యక్షుడు రోమన్ హెర్జోగ్, 2024లో అధ్యక్షుడు స్టైన్‌మయర్ పోలిష్ ప్రజలను క్షమాపణ కోరింది ఇక్కడి నుంచే.

మలుపు తిప్పింది మాత్రం 2004 జులై 31న, 60వ వార్షికోత్సవానికి తెరిచిన తిరుగుబాటు మ్యూజియం. అప్పటి మేయర్ లెహ్ కచిన్‌స్కి పట్టుబట్టి, వోలా పేటలోని పాత ట్రాము విద్యుత్ కేంద్రంలో దాన్ని పూర్తిచేయించారు. లోపల అన్ని అంతస్తులనూ చీల్చుకుంటూ ఒక ఉక్కు గోడ లేస్తుంది. తూటా రంధ్రాల్లాంటి చిల్లులకు చెవి ఆనిస్తే అప్పటి శబ్దాలు, గుండె కొట్టుకునే చప్పుడు వినిపిస్తాయి. సందర్శకులు గోడకు తగిలించిన క్యాలెండరు కాగితాలను రోజుకొకటి చొప్పున చించి వెంట తీసుకెళ్తారు. తోటలో 156 మీటర్ల గోడ మీద 10 వేలకు పైగా పోరాటయోధుల పేర్లున్నాయి. తిరుగుబాటు తర్వాత పుట్టిన తరాలకు దాన్ని దగ్గర చేసింది ఈ మ్యూజియమే. విమర్శా అక్కడే ఉంది: వీరత్వం కళ్లకు కట్టినంతగా, నిర్ణయం సరైనదా అన్న ప్రశ్న కట్టదని. 2009లో ఆగస్టు 1ని చట్టం ద్వారా జాతీయ స్మారక దినం చేశారు.

గుర్తు ఎవరి సొత్తు?

అనుమతి సమస్య తీరాక పంచుకోవడంలో సమస్య మొదలైంది. లంగరు ఇప్పుడు టీషర్టుల మీద, పచ్చబొట్లలో, ఫుట్‌బాల్ గ్యాలరీల్లో కనిపిస్తుంది. 2014 జూన్ 10 నాటి చట్టం దాన్ని జాతి ఉమ్మడి ఆస్తిగా చెప్పి, బహిరంగంగా అవమానించినవారికి జరిమానా విధించింది. అవమానం అంటే ఏమిటన్నది తేల్చడమే కష్టం. 2016లో గర్భస్రావ నిషేధానికి వ్యతిరేకంగా వీధికెక్కిన మహిళలు లంగరుకు స్త్రీ చిహ్నాలు జోడించి ‘పోరాడుతున్న పోలిష్ మహిళ’ అన్నారు, కేసులు నడిచాయి. జాతీయవాద ఊరేగింపుల్లో అదే గుర్తును పరాయివారి మీద ద్వేషంతో మోసినప్పుడు అభ్యంతరం చెప్పినవారిలో బతికున్న యోధులే ఉన్నారు. 2021 అక్టోబరులో కోట కూడలిలో, అల్లరి చేస్తున్న జాతీయవాదుల మీద వేదిక నుంచి గొంతెత్తిన వాండా త్రాచిక్ స్తావ్‌స్కా 1944లో స్వయంగా తుపాకి పట్టిన మనిషి.

2017 ఆగస్టులో లెగియా వార్సా జట్టు అభిమానులు పిల్లాడి తలకు తుపాకి గురిపెట్టిన జర్మన్ సైనికుడి బొమ్మను మైదానంలో ఎత్తిపట్టారు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం క్లబ్బుకు 35 వేల యూరోల జరిమానా వేసింది. నగరంలో చాలామందికి ఆ శిక్ష మింగుడు పడలేదు.

వోలా బూడిద

ఆగస్టు 5 నుంచి మూడు రోజుల్లో వోలా పేటలో 40 వేల నుంచి 50 వేల మందిని జర్మన్ దళాలు ఇళ్లలోంచి, ఆసుపత్రుల్లోంచి, ఫ్యాక్టరీ ఆవరణల్లోకి ఈడ్చి కాల్చి చంపాయి. సాక్ష్యం మిగలకుండా శవాలను కాల్పించాయి. 1946 ఆగస్టు 6న ఆ బూడిదను 117 శవపేటికల్లో ఊరేగింపుగా వోలా శ్మశానానికి మోసుకెళ్లారు. తూకం 12 టన్నులు. మనిషికి ఒక పేరు, ఒక సమాధి ఉండాలన్న మాట అక్కడ చెల్లలేదు. లక్షకు పైగా మనుషుల అవశేషాలు ఆ శ్మశానంలో ఉన్నాయి. వాళ్లకు ‘పడిపోయినా ఓడనివారు’ అన్న స్మారకం 1973లో వచ్చింది. వోలా మారణకాండకు పేటలో ప్రత్యేక స్మారకం 2004 దాకా లేదు. పోరాటగాళ్ల దళాలకు జాబితాలు ఉంటాయి, తమవారిని తలచుకునే సహచరులు ఉంటారు. ఇంటిల్లిపాదీ చనిపోయిన కుటుంబానికి పేరు రాయించేవారే మిగలరు. జ్ఞాపకంలోని ఈ అసమానతకు రాజకీయం కంటే ఇదే పెద్ద కారణం.

వోలాలో దళాలను నడిపిన, నాజీ సాయుధ సంస్థ ఎస్‌ఎస్ అధికారి హైన్జ్ రైనెఫార్ట్‌కు శిక్ష పడలేదు. యుద్ధం తర్వాత జర్మనీలోని సిల్ట్ ద్వీపంలో వెస్టర్‌లాండ్ పట్టణానికి ఏళ్లపాటు మేయరుగా ఉన్నాడు. 2014లో అదే పురపాలక భవనం గోడకు, ఆ మేయరు వార్సాలో చేసిన పనిని చెబుతూ ఒక ఫలకం బిగించారు. తిరుగుబాటు గుర్తుల్లో పోలండ్ బయట ఉన్న ముఖ్యమైనది అదే.

వార్సా దక్షిణాన, కూలిన ఇళ్ల శిథిలాలను పోసి చేసిన ఒక గుట్ట ఉంది. దాని శిఖరాన లంగరు నిలబెట్టారు. ఆగస్టు 1 రాత్రి స్కౌట్లు, యోధులు అక్కడ నిప్పు రాజేస్తారు. ఆ మంట 63 రోజులు వంతులవారీ కాపలాలో వెలుగుతుంది. అక్టోబరు 2న దాన్ని ఆర్పుతారు. 2015లో నగర పాలక మండలి ఆ తేదీని తిరుగుబాటు నాటి పౌరుల స్మారక దినంగా ప్రకటించింది.